నీళ్ళు పోయని ట్యాంకు

కరోనా తగ్గి శిక్షణ సంస్థలు మళ్ళీ తెరిచిన ఏడాది జూన్‌లో నన్ను చిత్తూరు వైపు ఒక ప్రభుత్వ ఐటీఐకి, వెల్డర్ విభాగంలో అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉంది. పాఠం చెప్పడం, ప్రాక్టికల్ చేయించడం నా పని. నా కింద వర్క్‌షాప్ అటెండరు మునిరత్నం. పనిముట్లు అందించడం, గ్యాస్ సిలిండర్లు మార్చడం అతని ఉద్యోగం. కానీ గ్యాస్ టార్చి పట్టుకుంటే అతని చేతికి నా చెయ్యి ఏ మూలకూ చాలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మా నాయన నడిపిన పాత బుల్లెట్ ఒకటి చంద్రగిరిలో మా ఇంట పదేళ్ళుగా కదలకుండా ఉండేది. రిటైరయ్యేలోగా దాన్ని రోడ్డెక్కించాలని పట్టుబట్టాను. ఇంజను బాగైంది. ట్యాంకులో పెట్రోలు పోసి చూస్తే అడుగు అతుకు వెంట చుక్కలు కారాయి. పెట్రోలు తీసేశాను. సోడా కలిపిన వేడినీళ్ళు, గులకరాళ్ళు వేసి మూడు రోజులు కుదిపి తుప్పు వదిలించాను. తర్వాత నెల రోజులు ఎండబెట్టాను.

పరీక్షలైపోయి పిల్లలంతా ఊళ్ళకు వెళ్ళిన ఒక శనివారం దాన్ని వర్క్‌షాప్‌కు తెచ్చాను. సొంత పని ఆఫీసులో చేయించుకోకూడదు. అయినా తెచ్చాను. అంత సన్నని రేకుకు వెల్డింగ్ వేడి ఎక్కువ. ఇత్తడి కడ్డీ కరిగించి అతకాలి, దాన్నే బ్రేజింగ్ అంటాం. పెట్రోలు ట్యాంకుకు మంట చూపించే ముందు, అతికే చోటికి కాస్త కింది దాకా నీళ్ళు నింపాలి. లోపల ఆవిరి చేరడానికి చోటు ఉండకూడదు. ఇరవై ఏడేళ్ళు ఈ మాటను బోర్డు మీద రాసి, పిల్లల చేత నోట్సులో రాయించినవాణ్ణి నేను.

మునిరత్నం ట్యాంకును తిరగేసి, వేలితో అతుకు తడిమి, బకెట్ కోసం లేచాడు.

"నీళ్ళు పోస్తాను సార్. మడతల్లో పాత పెట్రోలు జిగురు ఉండాది."

"వద్దప్పా, మళ్ళా తుప్పు పడతాది. సోమవారం ట్యాంకు లోపల పూత పుయ్యాల. నెలనాళ్ళు ఎండబెట్టినాను, వాసన కూడా లేదు. సూడు."

అతను వాసన చూశాడు. "వాసన లేదు గానీ సార్..." అన్నాడు.

"నేను చెప్తా ఉండాను గదా."

అతను మళ్ళీ కూర్చున్నాడు. టార్చి వెలిగించాడు. జానెడు పొడవు చక్కగా అతికాడు. చివరి చిల్లు దగ్గరికి వంగినప్పుడు ట్యాంకు పేలింది. ఎదురు అంచు అతుకు విడిపోయి, రేకు విచ్చుకుని అతని ముఖానికి తగిలింది. కళ్ళజోడు అద్దాలు పగిలి లోపలికి దిగాయి.

వేలూరు ఆసుపత్రిలో కుడి కన్ను తీసేశారు. ఎడమ కంటికి రెండు వారాలు వెలుతురు తెలిసింది. తర్వాత అదీ పోయింది.

ప్రాంతీయ కార్యాలయం నుంచి డిప్యూటీ డైరెక్టరు విచారణకు వచ్చారు. అప్పటికే ఆసుపత్రిలో మునిరత్నం వాంగ్మూలం తీసుకున్నారు. దాన్ని నా ముందు చదివారు. సారు నీళ్ళు పొయ్యమన్నాడని, తానే వినలేదని అందులో ఉంది. కింద అతని వేలిముద్ర. సంతకం చేసే మనిషి చేత వేలిముద్ర వేయించారు.

ఇది నిజమేనా అని ఆయన అడిగారు. నిజమే సార్ అన్నాను.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి, ఎందుకలా చెప్పావని అడిగాను. మంచం పక్కన కూర్చున్న అతని భార్య లేచి బయటికి వెళ్ళిపోయింది.

"నిజం చెప్తే నా కండ్లు వస్తాయా సార్? ఇద్దురం మునిగేదెందుకు?" అన్నాడు. ఆపైన, "నేను అతికిన కాడ పగిలిందా, వేరే కాడనా?" అని అడిగాడు.

"నువ్వు అతికింది అట్లే ఉండాది. ఎదురు పక్క విడిపోయింది," అన్నాను.

తల ఊపాడు. ఆ నెలలో నేను ఎవరికైనా చెప్పిన నిజం అదొక్కటే.

నాకు హెచ్చరిక కూడా రాలేదు. పదవీ విరమణ రోజు శాలువా కప్పి పంపించారు. రిటైరయ్యాక జరిగింది జరిగినట్టు రాసి కార్యాలయానికి పంపాను. విచారణ ముగిసిన ఫైలు తిరిగి తెరవడానికి వీలులేదని రెండు వరుసల జవాబు వచ్చింది. ఆ కాగితం తీసుకుని మునిరత్నం ఇంటికి వెళ్ళాను. అతని భార్య వాకిట్లోనే నిలబడి, ఇంక రావద్దని చెప్పింది. మళ్ళీ వెళ్ళలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెప్పవలసింది కొంచెమే. ఎండిన ట్యాంకు ఖాళీ ట్యాంకు కాదు. మడతల్లో పేరుకున్న జిగురుకు వాసన ఉండదు, వేడి తగిలితే ఆవిరి అవుతుంది. నీళ్ళు పోయాలి. ఆ రోజు ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు. గుర్తు చేసినవాడు నా కింద పనిచేసేవాడు కాబట్టి నేను కాదనగలిగాను.