వాన మేస్త్రి తలుపు

మా వీధి వడ్రంగిని అందరూ వాన మేస్త్రి అంటారు. అతని దుకాణానికి సరిగ్గా ఎదురుగా నా కుట్టుపని దుకాణం. ఇరవై ఏళ్లుగా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ పని చేసుకుంటున్నాం. మా ఆవిడ మొహం కూడా నేను అంతసేపు చూసి ఉండను.

అతను పాత తలుపులు తెచ్చి, బాగుచేసి, వేరే ఇళ్లకు బిగిస్తాడు. బిగించాక మాత్రం వెంటనే చిత్రిక పట్టడు, రంగు వెయ్యడు. "కొత్త గోడకి వచ్చిన చెక్క ఒక్క వాన తాగాలండీ. ఉబ్బేదేదో ఉబ్బాక ఒకేసారి చిత్రిక పట్టి రంగేస్తా" అంటాడు. అందాకా పాత రంగు, పాత నంబరు, ఎవరి పిల్లలో గీసిన గీతలు, అన్నీ అలాగే ఉండాలి. ఎవరైనా ఆగలేక తామే రంగు పూసుకుంటే ఇక ఆ గడప తొక్కడు. ఉలి పట్టినవాడికి ఇంత పంతమేమిటయ్యా అని ఏడిపిస్తే, "నీ చొక్కాలు ఉతికితే కురచవుతాయి, నా తలుపులు తడిస్తే బిగుసుకోవు" అనేవాడు. అది మాత్రం నిజం.

మొన్న ఎండాకాలంలో, వీధి చివర ఇరవై ఏడో నంబరు ఇంట్లో కొత్తగా దిగినాయన ఇనప తలుపు పెట్టించుకుని, పాతది తీసుకుపొమ్మన్నాడు. ఆకుపచ్చ రంగు టేకు తలుపు, మీద తెల్లగా 27. మా వీధిలో నంబర్లు గోడల మీద ఉండవు, తలుపుల మీదే ఉంటాయి. మేస్త్రి దాన్ని ఎవరికీ అమ్మకుండా, ఎనిమిది ఇళ్ల ఇవతల ఉన్న వాళ్ల అక్కకి బిగించాడు. ఆవిడ తలుపుని చెదలు తినేశాయి. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. బావ బస్సు డిపోలో మెకానిక్కు. గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి. పంతొమ్మిదో ఇంటికి 27 ఉందేమిటని పోస్టుమాన్ అడిగితే, "మా బావమరిది వాన కోసం చూస్తున్నాడండీ" అనేవాడట.

ఆ ఇనప తలుపు ఆసామి ఒక సాయుధ ముఠాకి నాయకుడని, ప్రభుత్వం నాలుగేళ్లుగా వెతుకుతోందని మాకెవరికీ తెలీదు. నా దగ్గర ప్యాంటు నడుము వదులు చేయించుకున్నాడు కూడా.

ఒక బుధవారం పొద్దున తొమ్మిదింటికి, ఇళ్లు మారేటప్పుడు సామాన్లు వేసుకునే వ్యాన్లు రెండు వచ్చి ఆగాయి. ముసుగులు వేసుకున్న కమాండోలు దిగారు. వాళ్ల చేతిలో ఇరవై ఏడో ఇంటి ఫోటో ఉందట, ఎండాకాలానికి ముందు తీసింది. తలుపు కనిపించింది, నంబరు సరిపోయింది. తలుపుకి పేలుడుమందు అంటించి పేల్చేశారు. మేస్త్రి బావ డ్యూటీకి బయల్దేరుతూ, తలుపు వెనక స్టూలు మీద కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాడు. అక్కడికక్కడే పోయాడు. ఆ చప్పుడుకి అసలువాడు వెనక గోడ దూకి వెళ్లిపోయాడు. వీళ్లు ఇనప తలుపు తెరిచేసరికి లోపల పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

పట్టుకోవాల్సినవాణ్ణి పట్టుకోవద్దని నేననను. కానీ అంత సరంజామా వేసుకుని వచ్చినవాళ్లు, పక్కింట్లో ఒక్క మాట అడగొచ్చు కదా. అడిగితే వాడు పారిపోతాడట. అడక్కపోయినా పారిపోయాడు. నేను తప్పు కత్తిరిస్తే గుడ్డ పోతుంది, మళ్లీ కొనిస్తాను. వీళ్లేం కొనిస్తారు?

మూడో రోజు ఒక ఆఫీసరు ఆ ఫోటో పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. మేస్త్రి గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"ఈ నంబరు ఎవరు రాశారమ్మా?" అని ఆఫీసరు అడిగాడు.

"పాత ఇంటిదండీ. ఉండిపోయింది" అంది అక్క.

ఆయన రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అతను రోజూ దుకాణం తెరిచేవాడు. చిత్రిక చేతిలో పట్టుకుని ఊరికే కూర్చునేవాడు. పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు. ఒకరోజు నా దగ్గరకొచ్చి బొటనవేలు చూపించాడు. గోరు నల్లగా కమిలిపోయి ఉంది.

"సుత్తి దెబ్బ. ఎప్పుడు తగిలిందో తెలీలేదు. ఏడుపూ రావట్లేదయ్యా."

"డాక్టరుకి చూపించు."

"నంబరు ఉంచింది నేను. అక్కకి ఆ మాట చెప్పాలి. చెప్పాక నన్ను తమ్ముడూ అని పిలవదేమో. ఆవిడ పిలవకపోతే నాకింకెవరున్నారు?"

నేను కుట్టిచ్చిన మందపాటి పరదాతోనే ఆ గుమ్మానికి ఇరవై రోజులు గడిచాయి. తర్వాత అతను కొత్త చెక్కతో తలుపు చేశాడు. పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలని నన్ను తీసుకెళ్లాడు.

బావ యూనిఫారాలు అక్క మడత పెడుతోంది. మేస్త్రి చివరి మరమేకు బిగించి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"అక్కా, ఆ నంబరు నేను ముందే చెరిపేసి ఉంటే బావ ఉండేవాడు."

ఆవిడ చొక్కా మడత పూర్తి చేసి, దొంతర మీద పెట్టింది.

"ముందురోజు సాయంత్రం మీ బావ చాకు తీసుకుని గీకేస్తానన్నాడు రా. పోస్టుమాన్ రోజూ తికమక పడుతున్నాడని. నేనే చాకు లాక్కున్నాను. వాడి పని మీద చెయ్యి వేస్తే మళ్లీ మన గడప తొక్కడు, వాన పడ్డాక తమ్ముడే చేసుకుంటాడులే అన్నాను."

అతను తిరిగి చూశాడు. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. ఆవిడ ఇంకో చొక్కా అందుకుంటూ అంది.

"దీనికి మాత్రం ఇప్పుడే రంగెయ్యి తమ్ముడూ. నంబరు కూడా రాసెయ్యి."

రంగు డబ్బా అతనెప్పుడూ వెంట తెచ్చుకోడు. నేనే వెళ్లి తెచ్చాను. పచ్చి చెక్క మీదే రంగు వేసి, పైన 19 అని పెద్దగా రాశాడు.

మొదటి వానకే ఆ తలుపు ఉబ్బి పట్టేసింది. అక్క భుజంతో నెట్టి తెరుచుకుంటోంది. చిత్రిక పడతానని అతను అనలేదు, పట్టమని ఆవిడా అడగలేదు.