అడ్డ పైపులు లేని గేటు

నా భార్య పోయిన నెల చనిపోయింది. ఆ రోజు ఆదివారం. పొద్దున పార్కుకు వెళ్ళి వచ్చి దోసకాయ పప్పు చేసింది. మధ్యాహ్నం ఛాతీలో మంటగా ఉందని మజ్జిగ తాగి పడుకుంది. సాయంత్రానికి చెమటలు పట్టాయి. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఇంటికి తాళం వేశారా అని అడిగింది. వేశానన్నాను. ఆ తర్వాత మాట్లాడలేదు. చీకటి పడకముందే అంతా అయిపోయింది.

నరసరావుపేటలో ఆమెను ఎరిగినవాళ్ళు పార్కు మేడమ్ అనేవారు. టౌన్ ప్లానింగ్‌లో ఉద్యోగం. ఏ పార్కుకైనా ప్లాను గీసే ముందు మిట్టమధ్యాహ్నం ఆ ఖాళీ స్థలంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. మా వైపు ఎండల సంగతి చెప్పక్కర్లేదు. “నీడ లేని బెంచీ ఫొటోకే పనికొస్తుంది” అనేది. మాచర్లలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినా ముందు ఫంక్షన్ హాల్ మెట్లు చూసేది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎట్లా ఎక్కుతారని గొణిగేది. నాకు విసుగొచ్చేది. ఇప్పుడు ఎక్కడ మెట్లు ఎక్కుతున్నా ఆ గొణుగుడు కోసం నా చెవి వెతుక్కుంటోంది.

మా వీధి చివర ఒక పార్కు ఉంది. గేదెలు రాకుండా దాని గేటులో వంకరటింకరగా ఇనుప పైపులు పాతారు. మనిషి పక్కకు తిరిగి దూరాలి. మా ఎదురింట్లో ఉండే స్కూటర్ మెకానిక్ తల్లిని మేం పిన్ని అంటాం. ఆవిడకు కాళ్ళు పడిపోయాయి. నా భార్య ఆవిణ్ణి చక్రాల కుర్చీలో తీసుకెళ్తే కుర్చీ ఆ పైపుల దగ్గరే ఆగిపోయింది.

“పదవే పోదాం. నన్ను గూడా గేదెల్లో కలిపారు” అంది పిన్ని నవ్వుతూ. నా భార్య నవ్వలేదు.

పైపులు తీస్తే పచ్చిక మిగలదన్నారు అందరూ. ఆమె వాదించలేదు. గేదెలున్న ఇళ్ళకు వెళ్ళింది, నన్నూ వెంటబెట్టుకుని. ఒక ఇల్లాలు పాలు పిండుతూ తలెత్తకుండానే, “అది పార్కని గేదెకేం తెలుసు మేడమ్?” అంది.

“తెలీదు. అందుకే నీ దగ్గరికొచ్చా” అని నా భార్య అక్కడే గట్టు మీద కూర్చుంది.

గేదెలు గడ్డి కోసం కాదు, మొక్కలకు వదిలే నీళ్ళ కోసం వచ్చేవని ఆ మాటల్లో తేలింది. ఆఫీసు చుట్టూ తిరిగి పార్కు గోడ బయట ఒక తొట్టి కట్టించింది. గేదెలు అక్కడే తాగి ఇంటిదారి పట్టాయి. కొన్నాళ్ళకు పైపులు తీసేశారు.

రిటైరయ్యాక రోజూ పొద్దున్నే పిన్ని కుర్చీ తోసుకుంటూ వెళ్ళేది. దారంతా నాపరాళ్ళు. అతుకుల మీద కుర్చీ అదిరినప్పుడు, “నెమ్మదే, ఉన్న రెండు పళ్ళూ రాలిపోతయ్” అనేది పిన్ని. నేను కాస్త వెనగ్గా నడిచేవాణ్ణి. వాళ్ళేం మాట్లాడుకునేవారో వినపడేది కాదు. పిన్ని వైపు వంగిన ఆమె మెడ మాత్రం కనపడేది. ఇప్పుడు నాకు కావలసింది అంతే. మాట కూడా అక్కర్లేదు.

ఆమె పోయాక నేను పార్కు వైపు వెళ్ళలేదు. పాల ప్యాకెట్టుకు కూడా చుట్టూ తిరిగి సందులోంచి వెళ్తున్నాను. పిన్ని కొడుక్కి పొద్దున్నే షాపు పని. ఆవిణ్ణి తీసుకెళ్ళేవాళ్ళు లేరు. ఈ రోజు నన్ను చూసి వాకిట్లోంచే పిలిచింది.

“అల్లుడూ, ఏడ్చుకో, కాదనను. కానీ ఆ గేట్లోంచి కుర్చీ పోతా ఉండాల. పోకపోతే, ఎవరూ రావట్లేదని మళ్ళీ పైపులు బిగిస్తారు.”

కుర్చీ మీది దుమ్ము తుడిచి చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూశాను.

రేపు పొద్దున ఎండ ఎక్కకముందే పిన్నిని పార్కుకు తీసుకెళ్తాను. కుర్చీ నేనే తోస్తాను.