చదివి వినిపించగా విని

ప్రతి దస్తావేజు చివరా ఒక వాక్యం ఉంటుంది: "చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకుని చేసిన సంతకం." బందరులో ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు రాసిన మా నాన్న ఆ వాక్యాన్ని అక్షరాలా పాటించాడు. ఎంత రద్దీ ఉన్నా, రాసిన ప్రతి కాగితాన్నీ ఇచ్చేవాళ్లకీ పుచ్చుకునేవాళ్లకీ పైకి చదివేవాడు. చదవకుండా ఆ వాక్యం రాస్తే కాగితంలో మొదటి అబద్ధం మనదే అనేవాడు. గుడివాడలో నేను అదే పని పెట్టుకుని, అదే పద్ధతి పట్టుకున్నాను. పక్క షాపులవాళ్లు "మేడంగారు పురాణం మొదలెట్టారండీ" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ల దగ్గర అరగంటలో అయ్యే పని నా దగ్గర గంటన్నర పడుతుందని నేనే గొప్పగా చెప్పుకుంటాను.

మాటల దగ్గర కూడా నాన్నకి పట్టింపులెక్కువ. ఒట్టు కోపంలో వేస్తారు, మాట ప్రేమకొద్దీ ఇస్తారు, ఆ రెండూ తన బల్ల దాకా రావక్కర్లేదనేవాడు. ఒప్పందమంటే మాత్రం ఇద్దరు సాక్షుల ముందు, విడమరిచి, తేదీ వేసి రాయాల్సిందే. ఎవరైనా "హామీ ఇస్తున్నానని రాయండి" అంటే చిరాకుపడేవాడు. "ఏం చేస్తారో చెప్పండి, అది రాస్తాను." ఆ చిరాకు నాకూ వచ్చింది.

పోయిన వేసవిలో నందివాడ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. భర్త లేడు, పిల్లలు లేరు. ఉంటున్న పెంకుటిల్లు మేనల్లుడికి రాసిస్తానంది. "ఇల్లు వాడిదేనమ్మా. నేను బతికున్నన్నాళ్లు మాత్రం అందులోనే ఉంటాను. అది రాయాలి." నేను చీటీ మీద రాసుకున్నాను.

మర్నాడు పని ఒత్తిడిలో, కంప్యూటర్లో ఉన్న పాత దస్తావేజొకటి తీసి, పేర్లూ హద్దులూ మార్చి ప్రింటు తీశాను. చీటీ కీబోర్డు కిందే ఉండిపోయింది. తప్పు అక్కడ జరిగింది, నాకే తెలియలేదు.

ఆవిడకు చదువు రాదు. కొత్త సంవత్సరం నాడు చర్చిలో ఇచ్చిన, బైబిల్ వాక్యం అచ్చేసిన వాగ్దానం కార్డు సంచిలో పెట్టుకు తిరుగుతోంది. పాస్టరుగారి భార్య ఒక్కసారి చదివి వినిపిస్తే చాలట, ఏడాది పొడుగునా అప్పజెబుతుంది. మేనల్లుణ్ణి పక్కన కూచోబెట్టుకుని, నేను చదువుతుంటే కళ్లు మూసుకుని వింది. తూర్పున కాలవ గట్టు, పడమర రోడ్డు, దొడ్లో రెండు కొబ్బరిచెట్లు, చేతిపంపు. ఒక్కొక్కదానికీ తల ఊపింది. చివరిదాకా చదివి, ఇంకు పాడ్ ఆవిడ వైపు జరిపాను. ఆవిడ ఒళ్లోంచి చెయ్యి తియ్యలేదు.

"కొబ్బరిచెట్లు వచ్చాయి, పంపు వచ్చింది. ఇందులో నేనెక్కడున్నానమ్మా?"

ముందు నాకు కోపమే వచ్చింది. నాలుగు పేజీలూ చదివింది నేను కదా! విసురుగా వెనక్కి తిప్పి చూశాను. ఆవిడ ఆ ఇంట్లో ఉంటుందన్న మాట ఎక్కడా లేదు. ఆ వేలిముద్ర పడి రిజిస్ట్రేషన్ అయిపోయుంటే, ఆ సాయంత్రం నుంచి తన ఇంట్లో తను ఒకరి దయ మీద ఉండాల్సిందే. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పు నాదేనమ్మా" అన్నాను.

మేనల్లుడు నొచ్చుకున్నాడు. "నిన్ను నేను బయటికి పంపిస్తానా అత్తా? మాటిచ్చానుగా."

"ఇచ్చావురా. నీ మీద నాకు అనుమానం లేదు. రేపు నీకేమన్నా అయితే, నీ మాట ఎవర్ని అడగను?"

అతను నా వైపు తిరిగాడు. "రాయండి మేడం, గట్టిగా రాయండి" అన్నాడు.

రాశాను. "నేను జీవించియున్నంత కాలము సదరు ఇంటిలో నివసించు హక్కు నాకు కలదు." మళ్లీ ప్రింటు తీసి, మళ్లీ తూర్పు హద్దు నుంచి ఎత్తుకున్నాను. ఆ వాక్యం దగ్గర ఆవిడ కళ్లు తెరిచింది. "ఆఁ, ఇప్పుడున్నాను" అని, అంతా అయ్యాక తనే బొటనవేలు చాపింది.

నా చదువుకి ఇంతకన్నా బాగా వినేవాళ్లు దొరకరనిపించింది. ఆవిడను చూస్తే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి, దాచకుండా అంతా చెప్పాను. చీటీ కీబోర్డు కింద పెట్టినందుకు బాగానే తిట్టాడు. తర్వాత అడిగాడు: "రెండోసారి మొత్తం చదివావా, మార్చిన ముక్కేనా?"

"మొత్తం చదివాను నాన్నా."

"సరే, ఉంటాను" అన్నాడు. కానీ ఫోన్ సరిగ్గా పెట్టలేదు. అమ్మతో అంటుంటే నాకు వినబడింది: "రెండోసారి కూడా మొత్తం చదివిందటే మన అమ్మాయి!"