మూడో అర, ఎడమ చివర

ఆ దుకాణంలో ఆమెను అందరూ అరలక్క అనేవారు. ఇరవై ఏళ్లుగా చాక్లెట్ల అరలు సర్దడమే ఆమె పని. ఒక్క గోడకు రెండు వందల పద్నాలుగు రకాలు. మనిషికి ఉన్నది ఒక్క నోరు, దానికి ఇన్ని వేషాలెందుకో ఆ కంపెనీవాళ్లకే తెలియాలి. వచ్చినవాళ్లు పావుగంట తలలు బద్దలు కొట్టుకుని, చివరికి పోయినసారి కొన్నదే కొనుక్కుపోయేవారు. ఎవరి చెయ్యి ఏ అరకు పోతుందో అరలక్కకు కంఠతా వచ్చు. "వీళ్లు కళ్లతో కొనరు, చేతుల్తో కొంటారు" అని తోటి పనివాళ్లతో నవ్వేది.

ఆ చేతుల్లో ఒకటి మెకానిక్‌ది. ఎంత తోమినా గోళ్ల కింద గ్రీజు పోని చెయ్యి. అతని కూతురికి వేరుశనగ పడదు; ఒక్క పలుకు నోట్లో పడినా గొంతు వాచి మూసుకుపోతుంది. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నమంతా అతనూ అరలక్కా నేల మీద చతికిలపడి, కాగితాల మీది చీమల బారు లాంటి అక్షరాలు ఒక్కొక్కటే చదివారు. అన్ని రకాల్లోనూ ఆ పిల్ల తినగలిగింది ఒకే ఒక్కటి దొరికింది. పచ్చ కాగితంది. మూడో అర, ఎడమ చివర. అప్పటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చి, అటు చూడకుండానే రెండు తీసుకుని, "వస్తానక్కా" అని వెళ్లేవాడు.

ఆ వారం పైనుంచి కొత్త పటం వచ్చింది. ఏ సరుకు ఏ అరలో ఉండాలో గీసిన కాగితం అది, తు.చ. తప్పకుండా అలాగే సర్దాలి. అతని పచ్చ చాక్లెట్ అట్టడుగు అరకు పోయింది. దాని చోట్లోకి అదే కంపెనీ కొత్త రకం వచ్చింది. అదీ పచ్చ కాగితమే. లోపల వేరుశనగ. అతనికి చెప్పాలి అనుకుంటూనే అరలక్క సర్దేసింది.

శుక్రవారం అతను ఫోన్ చెవికి ఆనించుకుని వచ్చాడు. నిచ్చెన మీద నుంచి ఆమె చూసింది. చెయ్యి మూడో అరకు పోయింది. ఆమె నోరు తెరవబోయింది. అంతలో ఎవరో చక్కెర లేనివి ఎక్కడని అడిగారు. జవాబు చెప్పి తిరిగేసరికి అతను లేడు. వెనకాలే పరుగెత్తాల్సింది. చదివే తీసుకుని ఉంటాడులే అని మనసుకు సర్దిచెప్పుకుంది.

శనివారం తలుపులు తీయగానే అతను లోపలికి వచ్చాడు. రెండు చేతులతో అర పట్టుకుని గోడ నుంచి పెరికాడు. దాని మీది చాక్లెట్ల గాజు సీసాలు భళ్లున పగిలాయి. అరలక్క జుట్టు పట్టుకుని, నుదుటిని ఇనప అంచుకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"ఎందుకు మార్చావ్? ఎవరు మార్చమన్నారు నిన్ను? నా పిల్ల గొంతు కోసి గొట్టం పెట్టారు, తెలుసా నీకు?"

కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. ఆమె చెయ్యి కూడా అడ్డు పెట్టలేదు.

దుకాణం కాపలాదారూ, అక్కడే వెనక వైపు మాంసం కొట్టే అతనూ పరుగున వచ్చారు. విడదీసి ఊరుకుంటే పోయేది. అతన్ని కింద పడేసి కడుపులో తన్నారు, ముఖం మీద తన్నారు. పక్కటెముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. "చాలు! చంపేస్తారా ఏంట్రా!" అంటూ అరలక్క అతనికి అడ్డంగా పడింది. ఒక తన్ను ఆమె నడుముకే తగిలింది.

పోలీసు వచ్చేలోపు మేనేజరు ఆమె చెవిలో చెప్పాడు. "ఏ కారణం లేకుండా మీద పడ్డాడని చెప్పు. పటం సంగతి ఎత్తకు. ఎత్తావో, రేపటినుంచి పనికి రానక్కర్లేదు."

ఆమెకు ఒకటే దిగులు. ఇతన్ని లోపలేస్తే ఆసుపత్రిలో ఆ పిల్ల దగ్గర ఎవరుంటారు? ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే.

"అతని తప్పేం లేదు," అంది పోలీసుతో. "చోటు మార్చింది నేను. అతను తీసుకుంటుంటే చూశాను. చూసి ఊరుకున్నాను. నాకు ఫిర్యాదు లేదు బాబూ, వదిలెయ్యండి. పిల్ల దగ్గరికి పోనివ్వండి."

పగిలిన గాజు మధ్య నుంచి మెకానిక్ తల ఎత్తాడు. "చూశావా?" అన్నాడు. లేవబోయి, పక్క పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు.

"ఎవరి దగ్గరికి పోవాలక్కా? తెల్లారకముందే పోయింది."