మొదలుకి రెండు చుట్లు

చెట్ల కొమ్మలు కొట్టే పనికి బయల్దేరే ముందు నలభై బారల తాడునూ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అరచేతిలోంచి జార్చి చూసుకోవడం ఆవిడ అలవాటు. కంటికి కనపడని తెగిన పోగు చేతికి తెలుస్తుంది. ఆ రోజూ గడపలో కూర్చుని తాడు తడుముతుంటే, మొగుడు చెప్పులేసుకుంటూ ఎటో చూస్తూ అన్నాడు.

"ఇవాళ తాడు తమ్ముడు పడతాడు. నువ్వు కొమ్మలు లాగి గేటు దగ్గర పోగేస్తే చాలు."

ఆవిడ తడమడం ఆపలేదు. "ఏం, నా చేతులకేమొచ్చింది?"

"చేతులకేం రాలేదే. కాంట్రాక్టరు సారు మన పని చూడ్డానికొస్తున్నాడు. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లన్నీ ఆయనవే. ఏడాది పొడుగునా పని. ఆడవాళ్లని పెట్టుకోడట. ఇవాళ్టి చెట్టు పని నచ్చితే సోమవారం నుంచి రమ్మంటాడు."

"ఎవర్ని?"

"మమ్మల్ని."

ఆ మాటలో తను లేదని ఆవిడకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకుని లేచింది. సారు ముందు మొగుడు తనకోసం ఒక్క మాటన్నా అనకపోతాడా అని లోపల ఒక ఆశ ఉంది.

ఆ ఆశకు కారణం లేకపోలేదు. పెళ్లయిన కొత్తలో తాడు పట్టే మనిషి తాగి పడిపోయాడని, ఒక్కరోజు సర్దుకుందామని మొగుడు ఆవిణ్ణి వెంట తీసుకెళ్లాడు. ఆ ఒక్కరోజు ఇరవై రెండేళ్లు నడిచింది. నరకబోయే కొమ్మకు తాడు ఒక కొస కట్టి, పైనున్న పంగలోంచి రెండో కొస కిందికి వదులుతారు. కింద మనిషి ఆ కొసను చెట్టు మొదలుకి రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే, బరువంతా చెట్టే మోస్తుంది. మనిషి చేయాల్సింది కొద్దికొద్దిగా వదలడమే. ఆవిడ ముందు జానెడు వదిలి, ఒక్క క్షణం ఆగి, బరువెంతో చేతికి తెలిశాక మిగతాది వదులుతుంది. పైనుంచి మొగుడు ఒకసారి గుంజితే ఆపమని, రెండుసార్లు గుంజితే వదలమని. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితే వీధి చివరిదాకా వినపడేలా అరిచే మనిషి, చెట్టు మీద మాత్రం నోరు మెదిపేవాడు కాదు. తోటి పనివాళ్లందరికీ ఆవిడ "తాడొదిన".

ఒక గాలివానప్పుడు సగం విరిగిన చెట్టు మీంచి కాలు జారి, ఆవిడ పట్టుకున్న తాడుకే వేలాడి బతికాడు. దిగాక అన్నాడు: "తాడు నీ చేతిలో లేకపోతే నేను చెట్టెక్కనే." మొగుడు ఇచ్చినవాటిలో దాచుకోదగ్గది ఆవిడకు ఆ మాటొక్కటే కనపడింది. దాచుకుంది.

ఇవాళ్టి చెట్టు ఒక ఇంటి పెరట్లోని అత్తిచెట్టు. ఏళ్ల తరబడి ఎవరూ కత్తి పెట్టకపోవడంతో కొమ్మలు డాబా మీదికెక్కాయి. రాలిన పళ్లకు నేలంతా జిగట, ఈగలు. అన్నిటికన్నా పెద్దకొమ్మ పక్కింటివాళ్ల వరండా మీదికి పోయింది. ఆ వరండాకి గాజు పైకప్పు.

కాంట్రాక్టరు బూట్లకు మట్టి అంటకుండా చూసి చూసి అడుగులేస్తూ వచ్చాడు. "అమ్మా, నువ్వు కాస్త దూరంగా ఉండు. ఏదన్నా తగిలితే మాకు తలనొప్పి" అన్నాడు.

మరిది తాడందుకున్నాడు. చిన్న కొమ్మలు ఎలాగో దిగాయి. కానీ పైనుంచి కేకలే కేకలు.

"ఆపరా! వదలరా! ఎటు చూస్తున్నావురా, కాకుల్నా?"

ఇంతలో ఇంటావిడ టీకి పిలిస్తే కాంట్రాక్టరు లోపలికెళ్లాడు. మొగుడు పెద్దకొమ్మకు తాడు కట్టి, రంపం మిషను చేతిలోకి తీసుకున్నాడు. కొమ్మలు లాగుతున్న ఆవిడ మరిదికేసి చూసి ఆగిపోయింది. అతను తాడును పిడికిలికి చుట్టుకుని నిలబడ్డాడు.

"మొదలుకి చుట్టవేం?"

"చుట్టడం, విప్పడం... అలా అయితే పొద్దుగూకుతుంది వదినా. నా జబ్బలున్నాయిగా."

"జబ్బలుంటాయి. వేళ్లే ఉండవు. విప్పు!"

"నీ కుర్చీ పోతోందని ఏడుపు గానీ..."

పైన మిషను మొదలైంది. ఆవిడ అరిచింది. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. చేతిలో కొమ్మ పారేసి పరిగెత్తి, మరిదిని భుజంతో ఒక్క తోపు తోసి, పిడికిలికున్న చుట్టు లాగేసింది. మొదలుకి ఒక చుట్టు, రెండో చుట్టు తిప్పిందో లేదో కొమ్మ తెగింది. తాడు బిగుసుకుని చెట్టు కిర్రుమంది. ఆవిడ జానెడు వదిలి ఆగింది.

పైన మిషను ఆగిపోయింది. కేకలు లేవు. తాడు రెండుసార్లు గుంజింది.

ఆవిడ వదిలింది. కొమ్మ గాజు మీదికి ఒరగబోతే తాడు ఒకసారి గుంజింది. ఆపింది. మళ్లీ రెండు. కొమ్మ పెరట్లో మెత్తగా కూర్చుంది. మరిదికి ఆ గుంజుళ్ల లెక్క తెలియదు. అతనితో మాట్లాడాలంటే కేకలే.

కాంట్రాక్టరు మూతి తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి మొగుడు దిగుతున్నాడు. ఆవిడ కొమ్మలు లాగడానికి మళ్లడంతో తాడు కొస మళ్లీ మరిది చేతిలో ఉంది.

"గాజుకి గీత కూడా పడలేదే! ఎవరు దించారు?"

మరిది ఎర్రగా కందిన అరచేయి రుద్దుకుంటూ అన్నకేసి చూశాడు. ఆవిడా చూసింది.

"మా తమ్ముడే సార్" అన్నాడు మొగుడు.

"బాగుంది. సోమవారం ఇద్దరూ వచ్చేయండి."

ఇంటికొచ్చాక మొగుడు చేతులు కడుక్కుంటుంటే ఆవిడ అడిగింది.

"పైన నీకు తెలియలేదా?"

"తెలిసింది. జానెడొదిలి ఆగావుగా."

"మరి నోరేమైంది?"

"నీ పేరు చెబితే మా ఇద్దరి పనీ పోయేది. తెచ్చేదంతా ఈ ఇంట్లోకే కదా."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆవిడకు ఒళ్లు మండింది కూడా అందుకే.

"తాడు నా చేతిలో లేకపోతే చెట్టెక్కనన్నావు."

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుచుకున్నాడు.

"అన్నానేమో. ప్రాణం పోయి వచ్చినప్పుడు ఏవో అంటాం. అవన్నీ గుర్తుపెట్టుకుంటారటే?"

సోమవారం పొద్దున మరిది గుమ్మం బయటే నిలబడ్డాడు. మొగుడు ఇల్లంతా వెతికాడు.

"తాడేదే?"

"ఇవ్వను."

"నీకెందుకే అది?"

"బట్టలారేసుకోవడానికి."

"పొద్దున్నే వేళాకోళమా?"

"వేళాకోళమేముంది? సారునడుగు, కొత్తదిస్తాడు."

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అడిగితే సారు కొత్త తాడే ఇచ్చాడు.

మధ్యాహ్నం ఆవిడ కత్తిపీట ముందేసుకుని తాడు కోసింది. కిటికీ ఊచకూ పెరటిగోడ మేకుకూ మధ్య దండెం కట్టి, మొగుడి చొక్కాలు ఆరేసింది. దండేనికి నాలుగు బారలు సరిపోయింది. మిగతా ముప్పై ఆరు బారలూ చుట్ట చుట్టి మంచం కిందికి తోసింది.