డిస్ అంటే తిట్టు కాదట

"డిస్ అంటే ఉత్తగ తిట్టుడు గాదమ్మా. ఎదుటోని లోపాన్ని పాట కట్టి వాని మొకం మీదనే చదువుడు. కోపమొస్తే ఓడినట్టే," అని మా అమ్మాయి అన్నం తింటూ చెప్పింది. దానికి ఇరవై ఏళ్లు. ర్యాప్ పాడుతుంది.

"మరి నిన్ను గూడ అంటరా?"

"అంటరు మరి. గదే ఆట."

నాకు ఒళ్లు మండింది. నేను ఆఫీసులో అటెండర్‌ని. వారమంతా మాటలు పడేది చాలక, సెలవు రోజున పనిగట్టుకుని పడేవాళ్లు కూడా ఉంటారా? నా కూతుర్ని అనేవాడెవడో చూద్దామని ఆ ఆదివారం మధ్యాహ్నం దానికి చెప్పకుండా దాని వెనకే వెళ్లాను.

చార్మినార్ వెనక, గాజుల దుకాణాల పైన ఒక మిద్దె. నలభై మంది దాకా గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో మా అమ్మాయి, ఎదురుగా బార్కస్ బస్తీ నుంచి వచ్చిన ఒక అబ్బాయి. మొదటి వంతు దానికొచ్చింది. వాణ్ణి ఏమంటుందోనని మెడ చాచి చూస్తున్నాను. అది వాణ్ణి అనలేదు. తన మీద తనే డిస్ మొదలుపెట్టింది.

"నల్లపోరి, పొట్టిపోరి, నాకు ఎరుకే అన్నా,
ఇంటర్ల రెండుసార్లు తప్పింది నేనే అన్నా,
మా బాపు షార్జా పోలే, విమానమే ఎక్కలే,
అల్వాల్ల ఇంకో ఇల్లు, మా దిక్కు జూడలే!"

గుంపంతా కేకలు. మా ఆయన షార్జాలో ఉన్నాడని జహనుమాలో మా గల్లీ అంతా నమ్ముతుంది. నమ్మించింది నేనే. తొమ్మిదేళ్లుగా కూతురికీ అదే చెప్పాను. పండగ బట్టలు నేనే కొని, బాపు పంపాడనేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను. నలభై మంది ముందు! వాళ్లలో మా గల్లీవాళ్లు ఒక్కరూ లేకపోవడమే నయం.

ఆ అబ్బాయి వంతు వచ్చింది. రాసుకొచ్చిన మాటలు ఫోన్‌లో చూసుకున్నాడు, జేబులో పెట్టేశాడు. "ఇంకేం మిగిల్చినవక్కా, అననీకి?" అని గుండె మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తగ్గాడు. మా అమ్మాయి గెలిచింది. నవ్వుతూ ఇటు తిరిగి నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది.

మెట్ల మీద దాని రెక్క పట్టుకున్నాను. కొట్టాలనే అనుకున్నాను.

"నీకెప్పటి సంది ఎరుకనే?"

"ఏడో తరగతి సంది. బాపును బస్టాండ్ల చూసిన. పక్కన ఆమె గూడ ఉండె."

ఏడో తరగతి! వేళ్ల మీద లెక్కపెట్టాను, ఎనిమిదేళ్లు. నిన్నగాక మొన్న కూడా పక్కింటామె అడిగితే, బాపు ఫోన్ చేసిండని ఈ పిల్లే చెప్పింది. అక్కడ ఎండలు మస్తుగున్నయట అని కూడా చెప్పింది.

"మరి గిన్నేండ్లు అందరికీ షార్జా అని ఎందుకు చెప్పినవే?"

"నువ్వు చెప్పినవ్ గదమ్మా," అంది. "నేను వేరే చెప్తే నిన్ను అబద్ధాలదంటరని."