జాకెట్టు ఇస్తేనే బిల్లులు

"ఇంతకుముందు ఏం పని చేసేటిదానివమ్మా?" అని అడిగారు ఆడిటర్ సారు. చేవెళ్లలో ఎరువుల దుకాణం మీద మేడపైన ఆయన ఆఫీసు.

"జాకెట్లు కుట్టేదాన్ని సార్. మొయినాబాద్ల మెయిన్ రోడ్డు మీదనే షాపుండె."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మరి గీడికెందుకొచ్చినవ్?"

"బీకాం పాసైన సార్, దూరవిద్యల. మిషన్ తొక్కి తొక్కి నడుం గూడ నొస్తున్నది."

"ఈడ గూడ పొద్దంత కూసునే పనే గదమ్మా."

"ఈ కుర్చీకి ఆనుకోనీకి ఉన్నది సార్. మిషన్ స్టూలుకు లేదు."

సారు నవ్వలేదు. పక్క బల్ల దగ్గరున్న మనిషి మాత్రం చప్పుడు కాకుండా నవ్వాడు. ఆయన్ని నేను తర్వాత అన్న అని పిలవడం మొదలుపెట్టాను. శంకర్‌పల్లి దగ్గర కోళ్ల ఫారంలో సూపర్‌వైజరుగా చేసి, అక్కడ గుడ్ల లెక్కలు రాస్తూ రాస్తూ కంప్యూటర్ నేర్చుకుని ఇక్కడ తేలిన మనిషి. షెడ్డులో గట్టిగా దగ్గినా కోళ్లు బెదిరి గుడ్లు పెట్టవట. ఆ అలవాటు కొద్దీ ఆయన ఇప్పటికీ పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడతాడు. ఫోనులో అయితే అవతలివాళ్లు లైను కట్టయిందనుకుని పెట్టేస్తారు.

సారు నన్ను తీసుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు. "మొయినాబాద్ ఫైళ్లన్ని నీకిస్తున్న. ఆడ నిన్ను అందరెరుగుదురు. ఈ నెల ఒక్క ఫైలుకు గూడ లేటు ఫీజు పడొద్దు. పడ్డదా, నీ మిషన్ నీకున్నది, నా ఆఫీసు నాకున్నది."

ఇక చూసుకోండి, నాకు ఆ నెలంతా అన్నం సయించలేదు. ఎందుకంటే కనకమామిడిలో మా ఇంట్లో అవ్వ, అంటే మా అమ్మ, నా మిషన్ మీద గుడ్డ కూడా కప్పనివ్వలేదు. రోజూ నూనె వేసి తుడిచి పెట్టేది. ఎవరు బట్ట తెచ్చినా "పెట్టిపోండ్రి, మా బిడ్డ వచ్చే నెల మల్లొస్తది" అని తీసుకుని ట్రంకుపెట్టెలో దాచేది. ఆదివారం చర్చిలో ప్రార్థన చెప్పమంటే లేచి నిలబడి, సంఘమంతా వింటుండగా, "ప్రభువా, నా బిడ్డకు బుద్ధియ్యి, చేతిల పని ఇడిచిపెట్టి కంప్యూటరెంట పడ్డది" అని దేవుడికి నా మీద చాడీలు చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు! వాళ్లలో సగం మంది జాకెట్లు మా ట్రంకులో ఉన్నాయి మరి, అనక ఏం చేస్తారు?

నాకేమో ఆ ఉద్యోగం కావాలి. ప్రాణం పెట్టి కావాలి. కంప్యూటరులో ఇటు మొత్తం, అటు మొత్తం పైసాతో సహా కలిసినప్పుడు నాకు కలిగే సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాదు. గీతల బట్టను రెండు ముక్కలు కోసి కుడితే కుట్టు దగ్గర గీతకు గీత కలుస్తుందే, అట్లా ఉంటుంది. కానీ మొయినాబాద్ బస్టాపులో దిగితే చాలు, "టైలరమ్మా" అని నాలుగు వైపుల నుంచి పిలుపులు. ఒక్కరంటే ఒక్కరైనా నన్ను లెక్కల మనిషి అంటే బాగుండునని ఉండేది.

సరే, ఇక్కడ టైలర్ల సంగతి కొంచెం చెప్పాలి. టైలరు చెప్పే 'రేపు' ఏ క్యాలెండరులోనూ ఉండదు. ఈ ముక్క టైలరుకు తెలుసు, బట్ట ఇచ్చిన ఆమెకూ తెలుసు. అందుకే ఆదివారం పెళ్లి ఉన్న ఆమె వచ్చి గురువారమే పెళ్లి అని చెబుతుంది. నేను ఆ గురువారాన్ని నమ్మను. శనివారం సాయంత్రం హుక్కులు కుట్టి చేతిలో పెడతాను. ఇద్దరం అబద్ధాలాడుకుంటూ వచ్చి నిజం దగ్గర కలుసుకుంటాం, ఎవరికీ నష్టం లేదు. దుకాణాల జీఎస్టీ రిటర్నుల దగ్గర ఈ సర్దుబాటు కుదరదు. ఇరవయ్యో తారీఖంటే ఇరవయ్యే. దాటితే రోజుకింత అని ఫీజు పడుతుంది.

దుకాణాల వాళ్లకు మాత్రం ఆ భయమే లేదు. ఒకాయన బిల్లులు ఊరికి తీసుకెళ్లానంటాడు, ఇంకొకాయన బావమరిది దగ్గరున్నాయంటాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఒక కిరాణా ఆయన్ని కొనడానికొచ్చిన గిరాకీ ముందే కడిగి పారేశాను. ఆయన సారుకు ఫోన్ చేసి "నీ టైలరమ్మను జర ఆపు" అన్నాడు. ఆ రోజు అన్న నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"చెల్లె, నోరు మంచిదైతే ఊరు మంచిదైతది. కోడిని తిట్టి గుడ్డు పెట్టియ్యలేం."

"మరి పెట్టకుంటే ఏం జేస్తరన్నా?"

"షెడ్డుల లైటు జర ముందుగాల ఏస్తం. తెల్లారిందనుకుంటయ్."

ఆ మాటతో నా బుర్రలో కూడా లైటు వెలిగింది. ఆ మర్నాటి నుంచి అందరికీ ఆఖరు తారీఖు పదిహేడు అని చెప్పడం మొదలుపెట్టాను. ఒట్టి అబద్ధమే. నన్ను ఏళ్ల తరబడి మోసం చేసిన పెళ్లిళ్ల తారీఖులన్నిటికీ అది నా జవాబు. పనిచేసింది కూడా. కిరాణా ఆయన, మందుల షాపు వాళ్లు, టైర్ల ఆయన, అందరూ ఆపసోపాలు పడుతూ బిల్లులు తెచ్చి ఇచ్చారు. ఒక్క ఫైలు మిగిలింది. హార్డ్‌వేర్ షాపు అక్కది.

అక్కది వ్యాపారం చేసుకునే ఇల్లు. భర్త ఇల్లు చూసుకుంటాడు, ఆమె గల్లా మీద కూర్చుంటుంది. మేకు నుంచి మోటారు దాకా ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెబుతుంది. నేను వెళ్లి పదిహేడో తారీఖు కథ మొదలుపెట్టగానే ఆమె గల్లా పెట్టె మీద మోచేయి ఆనించి నా మొహంలోకి చూసింది.

"ఏమే, నేను నీకు పెండ్లి తారీఖులు ఎట్ల చెప్పేటిదాన్నో, నువ్వు నాకు గట్లనే చెప్తున్నవ్ గదా?"

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాళ్లు ఉంటారని ఊరికే అనలేదు పెద్దలు.

"బిల్లులు తయ్యారుగున్నయ్," అంది అక్క. "అగో, ఆ పెయింటు బకెట్ల ఉన్నయ్. ఇస్త. గని ముందుగాల నా పట్టు జాకెట్టియ్యి. మా అన్న కొడుకు పెండ్లి పద్దెనిమిదికున్నది."

"అక్కా, నేను కుట్టుడు బంద్ జేసిన గద! నేనిప్పుడు అకౌంటెంట్‌ను."

"అయితే మీ అవ్వ ఎందుకు తీస్కున్నది బట్ట? నా బట్ట నీ ట్రంకుల, నీ బిల్లులు నా బకెట్ల. లెక్క సరిపాయె."

బతిమాలాను. బకెట్ మీద చెయ్యి వేయబోయాను. ఆమె ఆ బకెట్ మీద మూత బిగించి, దాని మీద ఎక్కి కూర్చుంది. ఇక చేసేది లేక బస్సెక్కి ఇల్లు చేరాను.

అవ్వ సంబరం చూడాలి! ట్రంకు తీసి ఆకుపచ్చ పట్టు బట్ట నా ముందు పరిచింది, కొలతకిచ్చిన పాత జాకెట్టు పక్కన పెట్టింది, అడగకుండానే చాయ్ తెచ్చింది. "జూస్తివా, ప్రభువు ఎట్ల పిలుస్తుండో!"

"ప్రభువు గాదే అవ్వా, హార్డ్‌వేర్ అక్క పిలుస్తున్నది!" అని అరిచి కత్తెర అందుకున్నాను.

ఒళ్లంతా కోపమే. అక్క మీద, అవ్వ మీద, సారు మీద, ఆకుపచ్చ రంగు మీద. కానీ చేతులకు కోపం రాలేదు. చేతులు వాటి పాటికి అవి కోసుకుపోయాయి. జరీ అంచు రెండు చేతుల మీదా ఒకే ఎత్తులో కూర్చుంది, మెడ చుట్టూ సన్నటి పైపింగ్ పట్టీ ఎక్కడా ముడత పడలేదు. పొద్దు వాలేసరికి పూర్తయింది. దాన్ని తలుపుకు తగిలించి చూసి, నాకే తెలియకుండా "అబ్బ!" అన్నాను. నా జన్మలో అంత చక్కటి జాకెట్టు కుట్టలేదు. అదే నన్ను ఏడిపించింది కూడా. ఇంత బాగా వచ్చిన పని వదిలేసి, ఉంచుకుంటారో తీసేస్తారో తెలియని పని కోసం చేవెళ్ల మెట్లెక్కుతున్నానే అని కాసేపు మిషన్ మీద తల పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు జాకెట్టు ఇచ్చి బకెట్ తెచ్చుకున్నాను. బస్సులో కండక్టరు దానికి కూడా టికెట్టు కొట్టమంటావా అన్నాడు. ఆఫీసులో మూత తీయడానికి అన్న స్క్రూడ్రైవరు వాడాల్సి వచ్చింది. లోపల బిల్లులతో పాటు మేకులు, రెండు నట్లు, ఎండిపోయిన మిర్చి బజ్జీ ముక్క. ఒక్కొక్క బిల్లే దులిపి, ఇస్త్రీ చేసినట్టు అరచేత్తో చదును చేసి, ఇద్దరం ఎక్కించాం. ఆమె సరుకు కొన్నది, అమ్మింది అన్నీ సరిగ్గా కలిశాయి. అక్క లెక్కల్లో వంక పెట్టడానికి లేదు.

ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నానికి అంతా సిద్ధం. ఒక్క ఓటీపీ వస్తే రిటర్ను దాఖలైపోతుంది. ఆ ఓటీపీ అక్క ఫోనుకే వస్తుంది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. షాపుకు చేస్తే పనివాడు ఎత్తాడు.

"అక్క పెండ్లికి పోయింది మేడం."

"పెండ్లి పద్దెనిమిదికి అయిపాయె గదా!"

"లేదు మేడం, ఇయ్యాల్నే, ఈడ ఫంక్షన్ హాల్ల."

అప్పుడు అర్థమైంది. నేను పదిహేడన్నాను, ఆమె పద్దెనిమిదంది. నిజానికి నా గడువూ ఆమె పెళ్లీ రెండూ ఒకే రోజు.

సారు గడియారం చూసి, నన్ను చూసి, "పో" అన్నారు. ఉద్యోగంలోంచి పొమ్మన్నారా, పెళ్లికి పొమ్మన్నారా అని ఆలోచించే టైము లేదు. దొరికిన ఆటో ఎక్కాను.

మొయినాబాద్‌లో ఫంక్షన్ హాలు. బ్యాండు మేళం చెవులు చిల్లులు పడేట్టు వాయిస్తోంది. అక్క స్టేజీ మీద పెళ్లికొడుకు పక్కన నిలబడి ఫోటోకు నవ్వుతోంది, ఒంటి మీద నా ఆకుపచ్చ జాకెట్టు. నేను చెప్పులు కూడా విప్పకుండా ఎక్కేశాను. "అక్కా, ఓటీపీ!" ఫోటోగ్రాఫరు అదే క్షణంలో నొక్కాడు. ఆ పెళ్లి ఆల్బంలో నేను నోరు తెరుచుకుని ఇప్పటికీ ఉన్నాను.

అక్క తిట్టుకుంటూనే హ్యాండ్‌బ్యాగులోంచి ఫోన్ తీసింది. నేను అన్నకు ఫోన్ కలిపి, ఓటీపీ పంపమని, వచ్చిన అంకెలు ఒక్కొక్కటే అరిచి చెప్పాను. అవతల అన్న పెదాలు కదుపుతున్నాడేమో, నాకొక్క ముక్క వినపడటం లేదు.

"అన్నా, గట్టిగ చెప్పు! అయిందా, కాలేదా?"

బ్యాండు ఇంకా రెచ్చిపోయింది. చివరికి ఫోనులోంచి ఒక పొలికేక వచ్చింది. "ఫైలైందీ!" ఆ మనిషి గొంతు అంత ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ వెనకే సారు గొంతు, "రేపటి సంది పొద్దుగాల్నే రమ్మను." నేను స్టేజీ మెట్ల మీదే చతికిలబడిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు లేకుండా తుడుచుకున్నాను.

అక్క నన్ను లేపి భోజనాల వైపు తీసుకెళ్లింది. అక్కడ వాళ్ల చుట్టాల ఆడవాళ్లంతా మూగారు. ఒక పెద్దావిడ నన్ను చూపించి "గీ పిల్లెవలు?" అంది.

"మా ఆడిటర్ ఆఫీసు మేడం," అంది అక్క. "మా షాపు లెక్కలన్ని ఈమెనే చూస్తది."

టైలరమ్మ అనలేదు. నా నడుం దానంతటదే నిటారుగా అయింది. ఆ పెద్దావిడ చెయ్యి చాచి అక్క చేతి అంచు పట్టుకుంది. "జాకెట్టు మస్తుగున్నదే! జరీ ఎంత మంచిగ కూసున్నది! ఎవలు కుట్టిండ్రు?"

నేను నోరు తెరిచాను. అక్క నా కంటే ముందే అంది, "సిటీల ఇచ్చిన వదినె. ఎవరో మాస్టరంట."

నా ఒళ్లు మండిపోయింది. నా చేతి పని, నా నడుం నొప్పి, ఎవడో సిటీ మాస్టరుకు రాసిచ్చేసింది! అక్క నా వైపు వంగి, చెవిలో అంది. "నీ పేరు చెప్తె రేపు పొద్దుగాల ఈ ఆడోళ్లందరు మీ ఇంటి ముంగట వాల్తరు. మల్ల నా బిల్లులెవలు జూస్తరే?"

పెద్దావిడకు నమ్మకం కుదరలేదు. జాకెట్టును ఇటు తిప్పి, అటు తిప్పి, మెడ దగ్గర వేలు పెట్టి చూసి, నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా, సదువుకున్నదానివి. నిజంగ ఇది సిటీ కుట్టేనా?"

నేను ఆ పైపింగ్ వైపు చూశాను. ఎక్కడా ఒక్క ముడత లేదు.

"అవునమ్మా," అన్నాను. "మన దిక్కు ఇంత మంచిగ ఎవ్వరు కుట్టరు."